తుపాను రాత్రి ఇంట్లో ఉండాలంటే: తీరప్రాంత కుటుంబాలకు ముందుజాగ్రత్తలు

బంగాళాఖాతంలో వాయుగుండం బలపడుతోందన్న వార్త రాగానే శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీరంలోని ప్రతి ఇంట్లోనూ ఒకే చర్చ మొదలవుతుంది: ఇంట్లోనే ఉందామా, ఎక్కడికైనా వెళ్దామా? మే నెలలోనూ, అక్టోబరు నుంచి డిసెంబరు వరకూ ఈ చర్చ మనకు కొత్త కాదు. అయినా చాలా కుటుంబాలు దీన్ని చివరి గంట దాకా సాగదీసి, గాలి ముదిరి, చీకటి పడి, రోడ్డుకు అడ్డంగా చెట్లు పడ్డాక తేల్చుకోవాలని చూస్తాయి. ఇంట్లో ఉండి తుపానును తట్టుకోవడం సాధ్యమే. కాకపోతే అది గాలికి మాత్రమే వర్తిస్తుంది. గట్టి ఇల్లు గాలిని ఆపగలదు గానీ ఉప్పెనను ఆపలేదు. ఈ ఒక్క భేదం మనసులో పెట్టుకుంటే మిగిలిన నిర్ణయాలన్నీ సులువవుతాయి.

ముందు తేల్చవలసిన మాట

1864లో మచిలీపట్నంలోనూ, 1977 నవంబరు 19న దివిసీమలోనూ వేలాది ప్రాణాలు పోయింది ప్రధానంగా నీటి వల్లనే. దివిసీమలో సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన ఊళ్లకు ఊళ్లనే ఊడ్చుకుపోయింది. తుపాను గాలి సముద్రపు నీటిని తీరం మీదికి నెట్టినప్పుడు, లోతు తక్కువగా ఉన్న చోట ఆ నీటికి వెళ్లే దారి లేక పైకి లేస్తుంది. అందుకే కృష్ణా, గోదావరి డెల్టాల వంటి పల్లపు తీరాల్లో దాని తీవ్రత ఎక్కువ. సముద్రం కంటికి కనిపించనంత దూరంలో ఉన్నామన్న ధీమా కూడా పనికిరాదు. ఉప్పుటేర్లు, మురుగు కాలువలు, నదీపాయల వెంట ఆ నీరు ఎదురెక్కి, తీరానికి చాలా లోపల ఉన్న ఊళ్లోకి వెనుక వైపు నుంచి వస్తుంది. పైగా తీరం దాటే సమయం అమావాస్య, పౌర్ణమి పోటుతో కలిసిందంటే నీటిమట్టం ఇంకా పెరుగుతుంది.

కాబట్టి సముద్రపు ఒడ్డునో, ఏటిగట్టు పక్కనో, ఉప్పెన వస్తుందని అధికారులు హెచ్చరించిన పల్లంలోనో ఇల్లు ఉంటే, అది ఎంత గట్టి డాబా అయినా అక్కడ ఉండకూడదు. తాటాకు ఇల్లు, పెంకుటిల్లు, రేకుల ఇల్లు అయితే ఉప్పెన భయం లేకపోయినా తీవ్ర తుపానులో అందులో రాత్రి గడపకూడదు. వెళ్లవలసింది ఎక్కడికో చాలామందికి తెలుసు: స్తంభాల మీద కట్టిన తుపాను షెల్టరు, మెరకలో ఉన్న పాఠశాల, లేదా ఊళ్లో బంధువుల స్లాబు ఇల్లు. తెలియనిదల్లా ఎప్పుడు బయలుదేరాలన్నదే. తీరం దాటుతుందని చెప్పిన సమయానికి కనీసం పన్నెండు గంటల ముందు, పగటి వెలుతురు ఉండగానే బయలుదేరాలి. ఖాళీ చేయమని గ్రామ సచివాలయం వారు చెప్పిన తరువాత ఇక వాదన అనవసరం.

పెద్దవాళ్లు కదలమని భీష్మించుకోవడం ప్రతి ఊళ్లోనూ ఉన్నదే. ‘ఎన్ని గాలివానలు చూశాన్రా’ అన్న తాతగారితో గాలివేగం లెక్కలు చెబితే లాభం ఉండదు. ‘నాయనమ్మా, పిల్లలు నువ్వు లేకపోతే అక్కడ పడుకోరు, వాళ్లను నువ్వే చూసుకోవాలి’ అని బాధ్యత అప్పగిస్తే సగం ఇళ్లలో పని జరుగుతుంది. నెలలు నిండిన గర్భిణిని మాత్రం షెల్టరుకు కాదు, రెండు రోజుల ముందే ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చాలి. దారులు మూసుకుపోయాక నొప్పులు మొదలైతే 108 బండి కూడా రాలేదు.

గట్టి స్లాబు ఇల్లు, నీరు చేరని మెరక, దగ్గరలో కూలే ప్రమాదమున్న సెల్ టవరు గానీ మహావృక్షం గానీ లేకపోవడం అనే మూడూ ఉన్నవారు ఇంట్లో ఉండవచ్చు. ఇక్కడి నుంచి చెప్పేదంతా వారి కోసమే.

హెచ్చరికలో చూడవలసినవి

మొదటిది, గాలివేగం. వాతావరణ శాఖ లెక్కలో గంటకు 62 కిలోమీటర్ల నుంచి తుపాను, 89 నుంచి తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్ర తుపాను. ఈ అంకెలను చూసి ‘పోయినసారి తొంభై, ఈసారి నూట ఎనభై, రెట్టింపే కదా’ అనుకోకూడదు. గాలి వేగం రెట్టింపయితే గోడ మీద పడే ఒత్తిడి నాలుగింతలవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు గాలి ఇంచుమించు గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచింది. అంతకుముందు చిన్న తుపానులకు చెక్కుచెదరని పైకప్పులు ఆ రోజు లేచిపోవడంలో ఆశ్చర్యం లేదు.

రెండోది, తీరం దాటే చోటు. మన తీరానికి వచ్చే తుపానులు సాధారణంగా పడమరగానో వాయవ్యంగానో కదులుతాయి, గాలి అపసవ్య దిశలో తిరుగుతుంది. దానివల్ల కేంద్రానికి ఉత్తరంగా ఉన్న తీరంలో గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది. ఉప్పెన ఎక్కువగా అక్కడే. దక్షిణంగా ఉన్న చోట గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వీచి, నీరు వెనక్కి తగ్గినట్టు కూడా కనిపించవచ్చు. ఆ వింత చూడడానికి ఒడ్డుకు పరుగెత్తేవారు ఎప్పుడూ కొందరుంటారు. తుపాను దారి కొంచెం మళ్లితే అంచనాలన్నీ తారుమారవుతాయి కాబట్టి, కేంద్రం మా ఊరికి దూరంగా పోతుందన్న వార్తను చివరి ఆరు గంటల దాకా పూర్తిగా నమ్మకూడదు.

ఓడరేవులో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారన్న వార్త ఓడల కోసం ఉద్దేశించినది. ఊళ్లో దానిని ఇంటికి కొలమానంగా వాడుతుంటారు గానీ, మీ మండలానికి గాలివేగం ఎంత, ఉప్పెన ఎత్తు ఎంత అన్న రెండు ముక్కలే మీకు ముఖ్యం. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ నంబర్లు 112, 1070, 18004250101. వీటిని ఫోన్‌లోనే కాక గోడ మీద కూడా రాసి ఉంచుకోవాలి.

గాలి మొదలవకముందు ఇంటి చుట్టూ

తుపానులో మనుషులను గాయపరిచేది చాలావరకు గాలి కాదు, గాలి మోసుకొచ్చే వస్తువు. కాబట్టి పని మేడ మీద నుంచి మొదలుపెట్టాలి. పూలకుండీలు, విరిగిన కుర్చీలు, ఇల్లు కట్టినప్పటి నుంచి పిట్టగోడ వార పడి ఉన్న రేకు ముక్కలు, చెక్కలు, ఇటుకలు అన్నీ కిందికి దించి గదిలో పెట్టాలి. డిష్ యాంటెన్నాను విప్పగలిగితే విప్పేయాలి. ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకును అంచు దాకా నింపాలి. ఖాళీ ట్యాంకు పెద్ద గాలికి బుడగలా ఎగురుతుంది, నిండిన వెయ్యి లీటర్ల ట్యాంకు టన్ను బరువుతో కదలకుండా కూర్చుంటుంది. కరెంటు పోయి మోటారు ఆడని రోజుల్లో ఆ నీరే ఇంటికి దిక్కు.

మేడ మీద ఉండగానే చూడవలసిన చిన్న విషయం ఒకటుంది, దానిని దాదాపు అందరూ మరిచిపోతారు. స్లాబు మూలన వాన నీరు దిగే తూములోకి చేయి పెట్టి చూడండి. కొబ్బరి పీచు, వేపాకులు, కాకి తెచ్చి పడేసిన పుల్లలు, నాచు కలిసి ఒక ముద్దగా తయారై ఉంటాయి. మామూలు వానకు ఆ ముద్ద గుండా నీరు ఎలాగో కారిపోతుంది. తుపాను వానకు గాలి తెచ్చే ఆకులు కూడా తోడై తూము పూర్తిగా మూసుకుపోతే, పిట్టగోడల మధ్య మేడ చెరువవుతుంది. ఆ బరువు స్లాబు మీద, ఆ తడి గోడల్లోకి, చివరికి మీరు తల దాచుకున్న గదిలోని స్విచ్ బోర్డులోకి వెళ్తుంది. ఆ ముద్దను తీసి, ఒక బిందెడు నీళ్లు పోసి, కింద గొట్టంలోంచి ధారగా పడుతోందో లేదో ఒకరు నిలబడి చూడాలి. నీరు ఆగి ఆగి పడుతుంటే మధ్యలో ఇంకా అడ్డు ఉన్నట్టే.

ఇంటి మీదికి వాలిన కొబ్బరిచెట్టుకు ఎండు మట్టలు, పండిన గెలలు ముందే దింపించాలి. చెట్టు ఎక్కేవారికి తుపాను వార్త వచ్చిన రోజున తీరిక దొరకదు కాబట్టి, ఈ పనిని సెప్టెంబరులోనే చేయించుకోవడం కోనసీమలో తెలివైన ఇళ్ల పద్ధతి. వంటపాకకో వసారాకో రేకులు ఉంటే వాటి కొక్కేలు, బోల్టులు ఒక్కొక్కటిగా బిగించి, పై నుంచి నైలాన్ తాడు వేసి రెండు వైపులా నేలలో దిగిన గూటాలకు కట్టాలి. రేకుల మీద రాళ్లు, ఇటుకలు పెట్టడం మాత్రం మానుకోండి. రేకు లేచిన క్షణంలో ఆ రాళ్లు పక్కింటి మీద పడతాయి.

పశువులను పాకలో కట్టేసి వదిలేయకూడదు. వీలైతే మెరకకు తోలాలి, లేకపోతే పలుపు విప్పి వదలాలి. కట్టు లేని గేదె ఈదుకుంటూ ఎక్కడో ఒక గట్టు ఎక్కగలదు, గుంజకు కట్టిన గేదె కట్టిన చోటే మునిగిపోతుంది.

ఇక కిటికీలు, తలుపులు. అద్దాల మీద అడ్డదిడ్డంగా టేపు అంటించడం కంటితుడుపు పని. బయటి నుంచి ప్లైవుడ్ పలకను మేకులతో బిగించడమే అసలైన రక్షణ. అది కుదరకపోతే చెక్క రెక్కలు మూసి, లోపల అడ్డగడియకు తోడు ఒక బలమైన కర్రను గోడకు గోడకు మధ్య ఇరికించాలి. గాలి వచ్చే వైపు మూసి, ఎదుటి వైపు కిటికీ తెరిచి ఉంచితే ఇల్లు ఊపిరి పీల్చుకుంటుందని పాతవాళ్లు చెప్పే మాట సరైనది కాదు. పైకప్పు మీదుగా వేగంగా పోయే గాలి దానిని పైకి లాగుతూనే ఉంటుంది. ఏ తలుపైనా తెరుచుకుని గాలి లోపలికి దూరిందంటే కింది నుంచి తోపు కూడా తోడవుతుంది. ఇంతకూ గాలి ఏ వైపు నుంచి వస్తుందో రాత్రంతా ఒకేలా ఉండదు. అన్నీ మూసే ఉంచాలి, గదుల మధ్య తలుపులు కూడా.

నీరు, తిండి, మందులు, కాగితాలు

గాలి ఒక రాత్రిలో పోతుంది, కరెంటు మాత్రం అంత తొందరగా తిరిగి రాదు. హుద్‌హుద్ తరువాత విశాఖ వంటి మహానగరంలోనే కరెంటు, నీరు, ఫోన్లు లేక జనం రోజుల తరబడి అవస్థపడ్డారు. అందుచేత సరుకులను వారం రోజులకు చూసుకోవాలి. తాగడానికి, వండడానికి మనిషికి రోజుకు నాలుగైదు లీటర్ల లెక్కన మూత ఉన్న డబ్బాల్లో, బిందెల్లో మంచినీరు నింపుకుని, వాడకానికి గాబులు, బకెట్లు వేరుగా నింపాలి. తిండి విషయంలో తీరప్రాంతపు ఇళ్లకు ఎవరూ పాఠాలు చెప్పనక్కరలేదు: అటుకులు, మరమరాలు, వేయించిన వేరుశనగలు, బెల్లం, జంతికలు, ఆవకాయ ఉంటే మొదటి రెండు పూటలు పొయ్యి వెలిగించే పని లేదు. గాలి ముదరకముందే పులిహోర కలిపి పెట్టుకుంటే మరుసటి రోజుకూ పనికొస్తుంది. పసిపిల్లల పాలపొడి, ఓఆర్‌ఎస్ పొట్లాలు మాత్రం ముందే కొని పెట్టుకోవాలి.

బీపీ, చక్కెర మందులు వాడేవారికి కనీసం పదిహేను రోజుల మాత్రలు ఇంట్లో ఉండాలి. ఇన్సులిన్‌ను ఫ్రిజ్ ఆగిపోయాక నీరు చొరబడని కవరులో చుట్టి, చిన్న సీసాలో పెట్టి, తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో ఉంచితే ఎండ వేడి తగలకుండా నిలుస్తుంది.

ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి దస్తావేజులు, బ్యాంకు పుస్తకాలు, పిల్లల సర్టిఫికెట్లు రెండు ప్లాస్టిక్ కవర్లలో ఒకదాని లోపల ఒకటిగా చుట్టి, ఒక స్కూలు సంచిలో పెట్టి, ఆ సంచి ఎవరి భుజాన ఉంటుందో ముందే అనుకోవాలి. కొంత చిల్లర నగదు కూడా అందులోనే ఉండాలి. టవర్లు పడిపోయాక ఫోన్‌తో చెల్లింపులు జరగవు. ఫోన్లన్నీ నిండా చార్జి చేసి, ఒకటి వాడుతూ మిగిలినవి ఆపేసి ఉంచుకోవడం మంచిది. మాట కలవని సమయంలో కూడా ఎస్సెమ్మెస్ వెళ్లే అవకాశం ఉంటుంది. బ్యాటరీతో నడిచే రేడియో ఇంట్లో ఉంటే, దానికి సరిపడా కొత్త బ్యాటరీలు ఉన్నాయో లేదో ఇప్పుడే చూడండి.

ఆ రాత్రి

గాలి ఊపందుకోకముందే మెయిన్ స్విచ్ కట్టేయాలి, గ్యాస్ సిలిండరు రెగ్యులేటరును ఆపేయాలి. ఇంటి మధ్యలో, కిటికీలు తక్కువగా ఉన్న గదిని ఎంచుకుని కుటుంబమంతా అక్కడే ఉండాలి. చాలా ఇళ్లలో అది దేవుడి గదికి ఆనుకుని ఉండే నడిమి గదో, మెట్ల కింది చోటో అవుతుంది. రెండు అంతస్తుల ఇల్లయితే గాలికి కింది అంతస్తే మంచిది, నీరు ఎక్కుతుంటే పైకి వెళ్లాలి. గట్టి మంచం లేదా బల్ల ఒక మూలకు జరిపి, పిల్లలను దాని కిందనో పక్కనో పరుపులు అడ్డం పెట్టి పడుకోబెట్టాలి. అందరి కాళ్లకూ చెప్పులుండాలి, ఎందుకంటే పగిలిన అద్దం చీకట్లో కనిపించదు. వెలుతురుకు టార్చిలైటో, చార్జింగ్ దీపమో వాడాలి. కొవ్వొత్తిని, నూనె దీపాన్ని మూసిన గదిలో పిల్లల మధ్య పెట్టడం గాలివానకు నిప్పును జత చేయడమే. జనరేటరు ఉన్నవారు దానిని ఇంటి లోపల గానీ, మూసిన వసారాలో గానీ నడపకూడదు. దాని పొగలోని విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

వీధి తలుపు కింది సందులోంచి వాన నీరు చిమ్ముకుంటూ వస్తుంది. పాత పంచెలు, గోనెసంచులు తాడులా మెలిపెట్టి గడప వార గట్టిగా కుక్కితే చాలావరకు ఆగుతుంది. కిటికీ చెక్కల సందుల్లో కూడా ఇదే పద్ధతి. ఇంటి శబ్దం పెరుగుతున్న కొద్దీ పెద్దవాళ్లలో ఎవరో ఒకరికి బయటికి వెళ్లి ‘ఒక్కసారి చూసొద్దాం’ అనిపిస్తుంది. పశువుల పాక ఎగిరిపోతున్న చప్పుడు వినిపించినా సరే, ఆ గంటలో చేయగలిగింది ఏమీ లేదు.

ఈ రాత్రిలో అన్నిటికంటే మోసకరమైనది తుపాను కన్ను. కేంద్రం నేరుగా మీ ఊరి మీదుగా పోతే, హోరుమంటున్న గాలి ఉన్నట్టుండి తగ్గిపోతుంది, వాన ఆగుతుంది, ఒక్కోసారి ఆకాశంలో చుక్కలు కూడా కనిపిస్తాయి. ఇరుగుపొరుగు వారు బయటికి వచ్చి పలకరించుకుంటారు, ఎవరో మేడ ఎక్కుతారు, మరొకరు పడిన కొమ్మను ఈడ్చుతారు. ఆ ప్రశాంతత పావుగంట ఉండవచ్చు, గంట ఉండవచ్చు. తరువాత గాలి ఎదుటి దిక్కు నుంచి, అంతే బలంతో, ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. అప్పటిదాకా ఈశాన్యం నుంచి కొట్టిన గాలి ఇప్పుడు నైరుతి నుంచి కొడుతుంది కాబట్టి, మొదటి విడతకు ఒక పక్కకు ఒరిగి వేళ్లు వదులైన చెట్లు రెండో విడతకు కూలిపోతాయి. ఈ విరామంలో చేయవలసింది ఒక్కటే: ఇంతవరకు గాలి తగలని వైపు తలుపులు, కిటికీల గడియలను లోపలి నుంచి మళ్లీ బిగించి, అవసరమైతే గదిలో మీరు కూర్చున్న మూల మార్చుకోవడం. గాలి క్రమంగా, గంటల కొద్దీ తగ్గుతూ వస్తే తుపాను నిజంగా దాటిపోయినట్టు. హఠాత్తుగా ఆగితే దాటనట్టు.

ఇంట్లోకి వచ్చే నీటిని నాలుకకు అద్ది చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. చప్పగా ఉంటే వాన నీరు. ఉప్పగా ఉండి, పెరుగుతూ ఉంటే సముద్రం కదిలిందన్న మాట. క్షణం ఆలోచించకుండా కాగితాల సంచి, తాగే నీరు, పొడవైన తాడు తీసుకుని మేడ మెట్ల గదిలోకి చేరాలి. పారే నీటిలోకి దిగకూడదు.

తెల్లవారాక

అధికారికంగా తుపాను దాటిందని విన్నాకే గడియ తీయాలి. మొదటి ప్రమాదం తెగిపడిన కరెంటు తీగలు. నీటిలో మునిగిన తీగ కనిపించదు కాబట్టి స్తంభాల చుట్టూ నిలిచిన నీటిలో నడవకూడదు, పడిన తీగను కర్రతోనైనా జరపకూడదు, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు చెప్పి అటువైపు ఎవరూ పోకుండా కాపు కాయాలి. తడిసిన మెయిన్ బోర్డును ఎలక్ట్రీషియన్ చూడకుండా ఆన్ చేయకూడదు. గ్యాస్ వాసన లేదని తేల్చుకున్నాకే అగ్గిపుల్ల గీయాలి.

రెండోది పాములు. నీటికి పుట్టలు మునిగి నాగుపాము, కట్లపాము, రక్తపింజర ఎండిన చోటు వెతుక్కుంటూ వస్తాయి. తడిసిన కట్టెల మోపు, చుట్టిన చాప, బూట్లు కర్రతో కదిలించాకే ముట్టుకోవాలి. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు బిగించడం చేయకుండా, కాటు పడిన మనిషిని నడిపించకుండా విషం విరుగుడు మందు ఉండే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

బావిలోకి వరద నీరు చేరితే తోడిన నీటిని కాచి తాగడమో, క్లోరిన్ బిళ్ళ వేసి గంట ఆగి తాగడమో చేయాలి. బావికి బ్లీచింగ్ పౌడరు మామూలుగా వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల లెక్కన కలుపుతారు. బురద నీటికి అది చాలదు కాబట్టి ఆరోగ్య కార్యకర్త చూసి వేయించడమే మేలు. ఉప్పునీరు చేరిన బావిని మాత్రం ఏ మందూ బాగుచేయదు, తోడి పోయవలసిందే.

కూలిన గోడను, ఒరిగిన చెట్లను, చచ్చిన పశువును సర్దకముందే తేదీ కనిపించేలా ఫోటోలు తీసుకోండి. నష్టాల లెక్కకు సిబ్బంది వచ్చే సరికి వారం గడిచి, శుభ్రం చేసిన పెరడులో చూపించడానికి ఏమీ మిగలదు. పంట నష్టానికి ఈ-పంట నమోదు ఉందో లేదో చూస్తారు. కౌలుకు చేసేవారు తమ పేరు అందులో ఉందో లేదో తుపాను కాలానికి ముందే రైతు సేవా కేంద్రంలో అడిగి తెలుసుకోవాలి. పేరు జాబితాలో రాకపోతే సచివాలయంలో రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, తీసుకున్నట్టు రసీదు అడగండి.